40 మందిని ఒక్కరోజు కాదు, ఇద్దరిని ఏడాదంతా పంపండి

ఉద్యోగులను స్వచ్ఛంద సేవకు పంపే కంపెనీల యాజమాన్యాలకు, హెచ్‌ఆర్ విభాగాల వారికి,

నమస్కారం.

మాది చాలా చిన్న కళా సంస్థ. ఒక హాలు, వెనక సామాన్ల గది, పక్కన ఇరుకు ఆఫీసు. పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పుతాం, చుట్టుపక్కల వాళ్ళతో నాటకాలు వేయిస్తాం, పాట నేర్చుకుంటామని వచ్చినవాళ్ళ వయసు అడగం. జీతం తీసుకునేది ముగ్గురమే. మిగతా పనంతా వాలంటీర్లదే. వాళ్ళను చూసుకోవడం నా ఉద్యోగం. ఎవరు ఎప్పుడు వస్తున్నారు, ఎవరికి ఏ పని నచ్చింది, ఎవరు రావడం మానేశారు, ఎందుకు మానేశారు, అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకుంటాను. ఆ నోట్‌బుక్కు ముందు పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

డిసెంబర్ 5 అంతర్జాతీయ వాలంటీర్ల దినోత్సవం. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1985లో ప్రకటించింది. ఆ తేదీ దగ్గర పడుతుంటే మా ఫోన్ ఎక్కువగా మోగుతుంది. "మా టీమ్ మొత్తం ఒకరోజు మీ దగ్గర సేవ చేద్దామనుకుంటున్నాం. 40 మందికి పని చూపించగలరా?" అని అడుగుతారు. అడిగేవాళ్ళ మనసు మంచిదని నాకు తెలుసు. అయినా ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి మాకు టెన్షన్ మొదలవుతుంది. 40 మంది కలిసి ఒకేసారి చేసేంత పని మా దగ్గర ఉండదు. లేదని చెబితే మళ్ళీ ఫోన్ చేయరేమో, ఇస్తున్న విరాళం కూడా ఆగిపోతుందేమో అని భయం. అందుకని పని పుట్టిస్తాం.

అలా పుట్టించిన ఒక పని గురించి మీకు చెప్పాలి.

ఒకసారి హాలు బయటి గోడకు రంగు వేయిద్దామనుకున్నాం. నిజానికి ఆ గోడకు ఇంకో రెండేళ్ళ దాకా రంగు అక్కర్లేదు. రంగు డబ్బాలు, ప్రైమర్, రోలర్లు, బ్రష్షులు, మాస్కింగ్ టేపు మేమే కొన్నాం. రెండు రోజులు రిహార్సల్ ఆపేసి సామాన్లు పక్కకు సర్దాం. వచ్చినవాళ్ళు ఎంతో హుషారుగా పనిచేశారు. మధ్యాహ్నానికల్లా గోడ పూర్తయింది. డబ్బాల్లో రంగు మిగిలింది, బస్సు రావడానికి ఇంకా రెండు గంటలుంది. లోపలి వరండా గోడ కూడా మాసినట్టు కనిపించింది వాళ్ళకు. దానికి కూడా వేసేశారు.

ఆ గోడ మీద పిల్లలు మూడు వారాలుగా పెన్సిల్‌తో గీసుకుంటున్న పెద్ద బొమ్మ ఉంది. రంగులు నింపడం ఇంకా మొదలవలేదు కాబట్టి దూరం నుంచి చూస్తే మరకల్లాగే ఉంటుంది. ఆ సమయానికి నేను బయట బ్యానర్ దగ్గర వాళ్ళ మేనేజర్లతో ఫోటోకు నిలబడి ఉన్నాను.

వచ్చినవాళ్ళ తప్పు ఏమీ లేదు. ఆ గోడ సంగతి నేను చెప్పాల్సింది, చెప్పలేదు. ఒక్కరోజుకు వచ్చినవాళ్ళకు ఏ గోడ ఎవరిదో ఎలా తెలుస్తుంది? తర్వాతి క్లాసుకు వచ్చిన పిల్లలు తెల్లగా ఉన్న గోడ ముందు ఊరికే నిలబడిపోయారు. ఒక పాప గోడ దగ్గరికి వెళ్ళి తను గీసిన పక్షి ఎక్కడుండేదో వేలితో చూపించింది. మళ్ళీ మొదటి నుంచి గీయించాం. ముగ్గురు పిల్లలు మాత్రం ఆ క్లాసుకు తిరిగి రాలేదు.

ఆ తర్వాత చాలాకాలం ఏ కంపెనీ ఫోన్ వచ్చినా సరేననడానికి నాకు నోరు రాలేదు. అలాంటప్పుడు ఒకావిడ ఒంటరిగా వచ్చారు.

ఆమె ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తారు. "నాకు కళల గురించి ఏమీ తెలియదండీ, కుర్చీలు వేయమంటే వేస్తాను" అన్నారు. రెండుసార్లు వచ్చి కుర్చీలే వేశారు, తీశారు. మూడోసారి వచ్చినప్పుడు ఆఫీసు బల్ల మీద రసీదుల కట్ట చూసి, "ఇవి నేనొకసారి చూడొచ్చా?" అని అడిగారు.

మా బోటి సంస్థలకు వచ్చే డబ్బు రెండు రకాలు. ఫలానా పనికే ఖర్చు పెట్టాలని ఇచ్చేది ఒకటి, అవసరమైన దేనికైనా వాడుకోండని ఇచ్చేది ఇంకొకటి. నాటకం కోసం ఇచ్చిన గ్రాంటులోంచి కరెంటు బిల్లు కట్టకూడదు. మేమెప్పుడూ కట్టలేదు. కానీ రెండు రకాల డబ్బూ ఒకే పద్దులో రాసుకునేవాళ్ళం కాబట్టి, కట్టలేదని చూపించే దారి మా దగ్గర లేదు. అంతకుముందు ఏడాది ఒక గ్రాంటు దరఖాస్తు వెనక్కి వచ్చింది. మా నాటకాలు వాళ్ళకు నచ్చలేదు కాబోలు అనుకుని అందరం కుంగిపోయాం. ఆ దరఖాస్తులో పెట్టిన నాటకం రాసిన ఆయన ఇక రాయడమే మానేస్తానన్నారు. ఆమె పాత ఫైళ్ళన్నీ తిరగేసి, అడ్డు వచ్చింది నాటకం కాదు, లెక్కలని తేల్చారు. ఆ మాట నేను ఆయనకు ఫోన్ చేసి చెప్పినప్పుడు అవతల కాసేపు మాట లేదు.

నెలకు రెండు బుధవారాలు, ఆఫీసు నుంచి కాస్త ముందుగా బయల్దేరి, రెండేసి గంటలు మా దగ్గర కూర్చునేవారు. ఏడు నెలలు పట్టింది. ఒక్కో గ్రాంటుకు విడిగా ఒక షీటు పెట్టారు. మా ముగ్గురి జీతాల్లో, హాలు అద్దెలో ఏ వాటా ఏ కార్యక్రమానికి వెళుతుందో రాయడం నేర్పారు. తర్వాత పెట్టిన దరఖాస్తుకు డబ్బు వచ్చింది. 40 మంది అకౌంటెంట్లు ఒకేరోజు వచ్చి కూర్చున్నా ఈ పని అయ్యేది కాదు. సగం లెక్కలు కాగితాల మీద లేవు, మా బుర్రల్లో ఉన్నాయి. ఏ బిల్లు ఎవరు సొంత జేబులోంచి కట్టారో, ఏ లైట్లు అరువు తెచ్చామో ఒక్కొక్కటే అడిగి రాబట్టాలి. మా చేతగానితనం బయటపడే సంగతులవి. కొత్త మనిషి అడిగితే దాచేవాళ్ళం. కుర్చీలు మోసిన మనిషి అడిగారు కాబట్టి చెప్పాం.

నేను మిమ్మల్ని అడగాలనుకున్నది ఇదే. 40 మందిని ఒక్కరోజుకు పంపడం మానేసి, ఇద్దరిని ఏడాదంతా పంపండి. మొదట కుర్చీలు వేయనివ్వండి. ఏం అవసరమో వాళ్ళే చూసుకుంటారు, మేమూ వాళ్ళను చూసుకుంటాం.

ఆమె ఒక్కరే కాదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఒకబ్బాయి రిహార్సల్స్‌లో వెనక వరసలో కూర్చునేవాడు. ఏ డైలాగు దగ్గర ఏ లైటు వెలగాలో, ఏది ఆరాలో రాసుకునే క్యూ షీటు ఒకటి ఉంటుంది. ఆ కాగితం చేతిలో పట్టుకుని నాటకం మొత్తం నాలుగుసార్లు చూశాడు. రెండో సీను అయ్యాక లైటు ఆరిన క్షణంలోనే ఒక పెద్దాయన స్టేజి మెట్లు దిగాల్సి వస్తోందని పట్టుకున్నది అతనే. ఆ పెద్దాయన వయసు 70 దాటింది. మా డైరెక్టరుకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. తప్పు ఎక్కడుందో వెతకడం ఆ అబ్బాయికి రోజూ చేసే పని. గోదాములో పనిచేసే ఇంకొకాయన మా సామాన్ల గదిలో ప్రతి అరకూ నంబరు వేసి, ఏ కిరీటం ఎక్కడుందో వెతుక్కునే బాధ తప్పించారు.

ఉద్యోగం చేసే మనుషులు తమకు వచ్చిన పనితోనే కళలకు సాయపడటం ఎప్పట్నుంచో ఉన్నదే. 1969లో న్యూయార్క్‌లో 'వాలంటీర్ లాయర్స్ ఫర్ ది ఆర్ట్స్' అనే సంస్థ మొదలైంది. ఫీజు ఇచ్చుకోలేని కళాకారులకు, చిన్న కళా సంస్థలకు కాంట్రాక్టులు, కాపీరైట్ల వంటి విషయాల్లో లాయర్లు ఉచితంగా సాయం చేయడం దాని పని. మీ లీగల్ విభాగం వాళ్ళు వచ్చి మా గోడకు రంగు వేస్తే సంతోషిస్తాం. మేము సంతకం పెట్టబోయే హాలు అద్దె అగ్రిమెంటు ఒక్కసారి చదివి పెడితే ఆ మేలు ఏళ్ళ తరబడి గుర్తుంచుకుంటాం. 1999లో మొదలైన సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ తన వాటాల్లో ఒక శాతం, ఉత్పత్తుల్లో ఒక శాతం, ఉద్యోగుల పని సమయంలో ఒక శాతం సమాజానికి ఇవ్వాలని పెట్టుకున్న పద్ధతిని తర్వాత చాలా కంపెనీలు తీసుకున్నాయి. అందులో నాకు నచ్చేది మూడోది. ఉద్యోగి పని గంటలు కంపెనీ ఇస్తున్నదన్న ఒప్పుకోలు అందులో ఉంది. ఉద్యోగి తన ఆదివారాన్ని త్యాగం చేసి రావాల్సిన అవసరం లేదు.

ఇంకా వెనక్కి వెళితే షికాగోలోని హల్ హౌస్ గుర్తొస్తుంది. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్నేహితురాళ్ళు వలస కార్మికుల పేటలో, ఆ పేట వాళ్ళకు చదువు, సాయం అందించడానికి ఆ ఇంటిని తెరిచారు. ఆ ఇంటికి అదనంగా కట్టిన మొదటి భవనం 1891 నాటి ఆర్ట్ గ్యాలరీ. ఆ తర్వాత అక్కడ సంగీతం బడి, నాటక బృందం వచ్చాయి. జాజ్ క్లారినెట్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న బెన్నీ గుడ్‌మన్ పేదింటి పిల్లవాడిగా హల్ హౌస్ బాయ్స్ బ్యాండ్‌లో వాయించాడు. ఆ ఇంటి గురించి చదివినప్పుడు నన్ను ఎక్కువగా కదిలించిన సంగతి వేరే ఉంది. సేవ చేయడానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళు. పొద్దున లేస్తే ఆ పేట వాళ్ళ ముఖాలే చూసేవాళ్ళు. మీ ఉద్యోగులను మా దగ్గర కాపురం ఉండమని అడగను. పిల్లల పేర్లు గుర్తుండేన్ని సార్లు రమ్మంటున్నాను, అంతే.

డబ్బు మాట కూడా దాచకుండా రాయాలి. మనుషులను పంపుతున్నాం కదా, ఇంకా విరాళం ఎందుకని మీలో కొందరు అడిగారు. 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు నాటకం, సంగీతం, నాట్యం నడిపే సంస్థల లెక్కలు చూసి ఒక విషయం చెప్పారు. ఫ్యాక్టరీలో కొత్త యంత్రం వస్తే అదే మనిషి అదే గంటలో ఎక్కువ సరుకు తయారు చేస్తాడు. జీతం పెరిగినా గిట్టుబాటవుతుంది. నలుగురు కలిసి అరగంట వాయించాల్సిన సంగీతానికి రెండు వందల ఏళ్ళ కింద నలుగురు మనుషులు, అరగంట కావాలి. ఇవాళా అంతే. ఆ నలుగురి ఇంటి అద్దె మాత్రం అందరి అద్దెలాగే పెరుగుతూ పోతుంది. మా హాల్లో రోజూ నేను చూసేది ఇదే. ఆరు వారాల రిహార్సల్‌ను మూడు వారాలకు కుదించే యంత్రం ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టినా నేను వాడనివ్వను, ఎందుకంటే మనుషులు ఒకరికొకరు దగ్గరయ్యేది ఆ ఆరు వారాల్లోనే.

వాలంటీర్లు వచ్చినా ఖర్చు ఉంటుంది. వాళ్ళకు పని చూపించాలి, పక్కన ఉండాలి, పొరపాటు జరిగితే సరిదిద్దాలి. ఆ సమయం మా ముగ్గురిలో ఒకరిదే. ఉద్యోగి ఇచ్చిన గంటలను బట్టి ఆ సంస్థకు కంపెనీ కొంత విరాళం ఇచ్చే పద్ధతి చాలా పెద్ద కంపెనీల్లో ఇప్పటికే ఉంది. మీ దగ్గర ఉంటే మీ ఉద్యోగులకు ఆ సంగతి చెప్పండి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి తమ కంపెనీలో అలాంటిదొకటి ఉందనే తెలియదు. లేకపోతే చిన్నగా మొదలుపెట్టండి. ఆ డబ్బును ఫలానా పనికే అని కట్టేయకండి, కరెంటు బిల్లుకు కూడా పనికిరానివ్వండి.

ఇంకొక సంగతి కాస్త సున్నితమైనది. మీ డిజైన్ విభాగం వాళ్ళు మా నాటకానికి ఉచితంగా పోస్టరు వేసిస్తామంటారు. ప్రేమతోనే అంటారు. మేము పోస్టరు వేయించే చిత్రకారుడు ఈ చుట్టుపక్కల మనిషే. ఏడాదికి మూడు నాలుగు పోస్టర్లకు మేమిచ్చే డబ్బు అతనికి ముఖ్యం. కళా సంస్థకు చేసే ఉచిత సాయం ఒక కళాకారుడి నోటి దగ్గర కూడు తీసేయకూడదు. మీ డిజైనర్లు వస్తే మా వెబ్‌సైటు చూపు సరిగా లేనివాళ్ళు కూడా వాడుకునేలా మార్చమని అడుగుతాను. ఆ పని ఇప్పుడు ఎవరూ చేయడం లేదు, దానికి డబ్బిచ్చే స్థోమతా మాకు లేదు. ఏ పని ఉచితంగా చేయొచ్చు, ఏది చేయకూడదు అన్నది దయచేసి మమ్మల్ని అడిగి నిర్ణయించండి.

పిల్లల ఫోటోల గురించి రెండు మాటలు. తల్లిదండ్రులు రాసిచ్చిన అనుమతి లేకుండా ఏ పిల్ల ముఖమూ మీ కంపెనీ పేజీల్లోకి వెళ్ళకూడదు. పెద్దవాళ్ళెవరూ ఒక పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదని మాకు నియమం ఉంది, మీ డైరెక్టరు గారు వచ్చినా అదే నియమం. దీని మీద ఎవరైనా నొచ్చుకుంటే నేనేమీ చేయలేను.

మీరు పంపేవాళ్ళ జాబితాలు చూసినప్పుడు నాకు ఒక లోటు కనిపిస్తుంది. అందులో ఆఫీసు ఉద్యోగులే ఉంటారు. మీ దగ్గర షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళు, గేటు దగ్గర నిలబడేవాళ్ళు, శుభ్రం చేసేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకు వాలంటీర్ సెలవు ఉందా? మా దగ్గరికి ఒకాయన రాత్రి షిఫ్టు ముగించుకుని, నిద్ర మానుకుని వచ్చేవారు. సెక్యూరిటీ పని. చిన్నప్పుడు నాటకాల్లో వేషాలు వేశారట. మా కుర్రాళ్ళకు మైకు లేకుండా చివరి వరస దాకా గొంతు వినిపించడం ఎలాగో నేర్పింది ఆయనే. కడుపులోంచి మాట తేవడం, వాక్యం చివరి అక్షరాన్ని మింగకపోవడం, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఊపిరి పట్టి ఉంచడం. అవి చెప్పేటప్పుడు ఆయన నిలబడే తీరే మారిపోయేది. ఆయన కంపెనీ దృష్టిలో అది సేవా గంటల్లోకి రాదు, ఎందుకంటే ఆయన వాళ్ళ ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనలో 27వ అధికరణం ఉంది. తమ సమాజపు సాంస్కృతిక జీవితంలో స్వేచ్ఛగా పాలుపంచుకునే హక్కు, కళలను ఆస్వాదించే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని అది చెబుతుంది. ప్రతి ఒక్కరిలో మీ ఉద్యోగులూ ఉన్నారు. మా దగ్గరికి వచ్చేటప్పుడు ఏదో ఇవ్వడానికి వస్తున్నామనుకుంటారు. నాలుగైదు సార్లు వచ్చాక బ్రష్షు పట్టుకుని ఒక మూల కూర్చుంటారు. అకౌంట్స్ ఆవిడ కూడా అలాగే ఒకరోజు లెక్కలు ముగించి పిల్లల పక్కన నేల మీద కూర్చున్నారు. స్కూల్లో బొమ్మల టీచరు ఒకసారి నవ్వారట, ఆ తర్వాత గీయలేదట. ఆ రోజు ఒక ఆకు గీశారు. ఆ కాగితం ఇంకా మా ఆఫీసు గోడకు అంటించే ఉంది.

ఆమె ఇప్పుడు రావడం లేదు. వాళ్ళ కంపెనీ పాలసీలో వాలంటీర్ గంటలు ఉన్నాయి, పాత మేనేజరు నోటిమాటగా సరేనన్నారు. మేనేజరు మారారు. మూడు నెలలకోసారి ఖాతాలు ముగించే పని మీద పడింది. బుధవారం ముందుగా వెళతానని అడిగితే అప్రైజల్‌లో ఏమంటారో అని భయపడ్డారు. "కాస్త టైమివ్వండి, వస్తాను" అని ఫోన్‌లో చెప్పారు. ఇది జరిగి ఐదు నెలలైంది. పాలసీ రాసేది మీరు, అమలు చేయాల్సింది మేనేజర్లు. ఉద్యోగి ఫలానా రోజు, ఫలానా గంటలు, ఫలానా సంస్థలో ఉంటారని కాగితం మీద రాసి మేనేజరు చేత సంతకం పెట్టించండి. మేనేజరు మారినా ఆ కాగితం ఉంటుంది. సేవకు వెళ్ళినందుకు అప్రైజల్‌లో ఎవరికీ నష్టం జరగదని కూడా అందులోనే రాయండి.

ఆమె మేనేజరు గారు ఈ ఉత్తరం చదువుతుంటే వారికి నా విన్నపం. నేను అడుగుతున్నది నెలకు నాలుగు గంటలు. కొత్త గ్రాంటుకు దరఖాస్తు పెట్టే తేదీ దగ్గర పడుతోంది. ఆమె మొదలుపెట్టిన షీటును నేను నింపగలిగినంత నింపాను, రెండు చోట్ల లెక్క కుదరడం లేదు. బుధవారాల్లో సాయంత్రం ఏడింటి దాకా ఆఫీసు తెరిచే ఉంచుతున్నాం.

ఇట్లు,
ఒక చిన్న కళా సంస్థలో వాలంటీర్ల బాధ్యత చూసే మనిషి